పన్నెండు లీటర్ల గూడబాతు

నాన్న పోయినప్పుడు ఫ్లెక్సీకి ఒక ఫొటో కావాల్సి వచ్చింది. ఇంట్లో అందరి ఫోన్లూ వెతికాం. ఆయన ఫొటోలు తీసేవారే కాని దిగేవారు కాదు. పెళ్ళి ఫొటోల్లో వెనక వరసలో ఒక భుజం, భోజనాల బల్ల దగ్గర ఒక చెయ్యి దొరికాయి. ఆధార్ కార్డు మీద ఉన్నది ఆయన కాదని అమ్మ తేల్చేసింది. మనిషి మొత్తంగా కనిపించే ఫొటోలు నా పాత మెయిల్లో మాత్రమే ఉన్నాయి. పది ఉన్నాయి. పదింట్లోనూ ఆయన లుంగీ, బనియన్‌తో, పొట్టిగా, వెడల్పుగా, ఒక మోచెయ్యి పైకెత్తి నిలబడి ఉన్నారు. మొహం ఉండాల్సిన చోట ఫోన్ ఉంది. గరిటెలో ఆయన నీడ పడ్డదాంట్లో తలకిందులుగా ఉన్నారు.

అవి నేను కాలేజీ దరఖాస్తుతో పంపిన ఫొటోలు. నేను వేసిన బొమ్మలు చూపించడానికి తీసినవి. ఫ్లెక్సీ షాపాయన ఒకదాన్ని పెద్దది చేసి చూసి, "ఇది కుదరదండి" అన్నారు. చివరికి ఆధార్ ఫొటోయే వేశాం.

మాది ఏలూరులో స్టీలు సామాన్ల కొట్టు. మా వైపు గిన్నె కొంటే దాని మీద పేరు వేయించుకోవడం ఆనవాయితీ. పెళ్ళికి ఇచ్చేదాని మీద ఇచ్చినవాళ్ళ పేరు, ఇంటికి కొనుక్కున్నదాని మీద ఇంటావిడ పేరు, మనిషి పోతే పెద్దకర్మ నాడు చుట్టాలకి పంచే డబ్బాల మీద పోయినవాళ్ళ పేరు. అక్షరాలు చెక్కడానికి చిన్న కరెంటు మిషన్ ఉంటుంది. పెన్నులాగే పట్టుకోవాలి. పళ్ళ డాక్టరు గదిలోంచి వచ్చే చప్పుడు లాంటిది వస్తుంది. గంటసేపు పట్టుకుంటే ఆ రాత్రి అన్నం ముద్ద కూడా చేతిలో వణుకుతుంది. నాన్న చేతిరాత బాగుండదు. ఆయన వేసిన పేర్లు కొందరు ఇంటికెళ్ళి చదువుకోలేక తిరిగొచ్చేవారు. అందుకని ఎనిమిదో తరగతి నుంచి, స్కూలు అయ్యాక, ఆ మిషన్ నా చేతికొచ్చింది.

బొమ్మలు మొదలైంది చెయ్యి జారడం వల్ల. ఒకావిడ గిన్నె మీద పేరు పక్కన అడ్డంగా ఒక గీత పడింది. చెరిపేది కాదు కదా. భయపడి ఆ గీతని తోకగా చేసి చిలకని వేశాను. ఆవిడ మురిసిపోయి, మిగిలిన ఐదు గిన్నెల మీదా చిలక కావాలని కూర్చున్నారు. ఆవిడ వెళ్ళాక నాన్న నన్ను పిలిచారు. తిడతారనుకున్నాను. ఆయన ఇలా అన్నారు.

"పేరు వేశాక సరుకు వాపసు ఉండదు. ఆ సంగతి వాళ్ళకీ తెలుసు. అందుకే పేరు వేయించే ముందు ఇంకోసారి పక్కకొట్టుకి వెళ్ళి రేటు కనుక్కుని వస్తామంటారు. నువ్వు బొమ్మ వేస్తున్నంతసేపూ ఆవిడ కదల్లేదు చూశావా? వెయ్యమ్మా. డబ్బులు తీసుకోకు. చావు డబ్బాల మీద మాత్రం వద్దు, అక్కడ పేరు, తేదీ, అంతే."

అలా చిలకలు, కొరమీనులు, తామర పువ్వులు, ఒక లారీ ఓనరుగారికి లారీ, అన్నీ వేశాను. మనుషులు మాత్రం నాకు రాలేదు. ఒకసారి పెళ్ళి కంచం మీద వధూవరుల్ని వేస్తే, పెళ్ళికొడుకు తల్లి దాన్ని వెలుతురులో పెట్టి చూసి, "మావాడికి మెల్ల లేదండి" అన్నారు. ఆ కంచం ఇప్పటికీ మా వంటింట్లోనే ఉంది. దాన్ని మూతగా పెట్టుకుంటాం.

ఇంటర్ రెండో ఏడు చదువుతుండగా నాకు ఎకనామిక్స్ చదవాలని పట్టుకుంది. పక్కకొట్లో అదే డబ్బా తక్కువకి ఇస్తున్నా మనుషులు మా కొట్టుకే ఎందుకొస్తారో, వచ్చినవాళ్ళు ఎందుకు గంటసేపు బేరం చేసి మొదట చెప్పిన ధరకే కొంటారో ఎవరైనా విడమరిచి చెప్తే బాగుండుననిపించేది. ఉత్తరాదిలో ఒక యూనివర్సిటీ ఉందని, అక్కడ ఆ చదువు బాగుంటుందని లైబ్రరీలో చదివాను. దరఖాస్తు చేస్తానంటే నాన్న వద్దనలేదు. ఒక షరతు పెట్టారు.

"ఈ ఏడు వస్తే వెళ్ళు. రాకపోతే వచ్చే ఏడు మళ్ళీ రాస్తానని కూర్చోవద్దు. ఇక్కడ డిగ్రీలో చేరి సాయంత్రం కొట్లో కూర్చో."

ఆయన మాట మీద నిలబడే మనిషి. ఆ ఒక్క ఏడే నాకున్నది. ప్రవేశ పరీక్షలో నా మార్కులు అటూ ఇటూ కాకుండా సరిగ్గా అంచు మీద ఆగాయి. వాళ్ళ ఆఫీసుకి ఫోన్ చేస్తే ఒకావిడ ఓపిగ్గా మాట్లాడారు.

"అంచు మీద ఉన్నవాళ్ళ విషయంలో మిగతావి కూడా చూస్తాం. మీకు సంగీతం, నాట్యం, బొమ్మలు వెయ్యడం, ఏమైనా వచ్చా?"

"బొమ్మలు వేస్తానండి. కాని నేను ఎకనామిక్స్‌కి కదండీ."

"ఏ సబ్జెక్టువాళ్ళయినా ఆర్ట్ పోర్ట్‌ఫోలియో పంపొచ్చు. మీరు దేని మీద వేస్తారు? కాన్వాసా, కాగితమా?"

"గిన్నెల మీదండి."

"మట్టివా?"

"స్టీలువండి."

"స్టీలు" అని ఆవిడ పైకి అనుకుంటూ రాసుకున్నారు. తర్వాత ఆవిడ, పది ఫొటోలకి మించకూడదని, గత మూడేళ్ళలో వేసినవే అయ్యుండాలని, వెనక తెల్లటి గుడ్డ ఉండాలని, ఫొటోలో వేరే మనుషులు కనిపించకూడదని చెప్పారు. బొమ్మల్లో కనీసం ఒక మనిషి ఉంటే మంచిదని కూడా అన్నారు.

ఇదంతా నాన్నకి చెప్పాను.

"అంటే శాంపిల్స్ అన్నమాట" అన్నారు.

"అలాంటిదే నాన్నా."

"ఫొటో చూసి సరుకు ఎవరు తీసుకుంటారమ్మా? సరుకే పంపుదాం. లారీ ఆఫీసు మనకి తెలిసినవాళ్ళదే."

అలా కుదరదని చెప్పడానికి ఒక పూట పట్టింది. అసలు చిక్కు అక్కడ లేదు. నేను వేసిన బొమ్మ ఒక్కటీ మా దగ్గర లేదు, మెల్లకన్ను పెళ్ళికొడుకు తప్ప. అన్నీ కొన్నవాళ్ళ వంటిళ్ళలో ఉన్నాయి. కొత్తగా వేద్దామని రెండు గిన్నెలు పాడుచేశాను. ఎదురుగా మనిషి కూర్చుని, "ఇంకాస్త ముక్కు పెద్దది చెయ్యమ్మా" అని అనకపోతే నా చెయ్యి నడవలేదు. మూతి కింద సంచి ఉండే కొల్లేటి గూడబాతు వేద్దామంటే మామూలు బాతు వచ్చింది. నాన్న ఆ గిన్నెలు చూసి పాత సామాను బస్తాలో వేసి, "సరే, అడిగి తెచ్చుకుందాం" అన్నారు.

ఎవరేం కొన్నారో నాన్నకి నోటికొచ్చు. తాడేపల్లిగూడెంలో కొరమీను కంచం, అత్తిలిలో నెమలి క్యారేజీ, కామవరపుకోటలో లారీ బేసిన్, ముదినేపల్లిలో గూడబాతు బిందె. ఆదివారాలు బండి మీద ఇద్దరం బయల్దేరాం.

మొదటి ఇల్లు అత్తిలిలో. అక్కడే ఫొటో తీసేసుకుంటే మోత తప్పుతుందని క్యారేజీని అరుగు మీద పెట్టాం. ఇంటావిడ లోపలికెళ్ళి చీర మార్చుకుని వచ్చారు. ఆయన పంచె కట్టుకుని వచ్చారు. అత్తగారిని కుర్చీతో సహా తెచ్చారు. అందరూ క్యారేజీ చుట్టూ నిలబడ్డారు. ఆ ఫొటోలో కుటుంబం బాగా వచ్చింది, క్యారేజీ కనపడలేదు. "ఇంటికి తీసుకెళ్ళి తీసిస్తామండి" అన్నారు నాన్న. ఆవిడ సరేనని క్యారేజీ లోపలికి పట్టుకెళ్ళి, నాలుగు గిన్నెల నిండా సున్నుండలు పెట్టి తెచ్చారు.

"ఇవెందుకండీ" అన్నాను.

"ఖాళీ గిన్నె చేతిలో పెడతామా అమ్మా."

ఈ సంగతి మేము ముందు ఆలోచించాల్సింది. మా వైపు ఎవరూ ఎవరికీ ఖాళీ గిన్నె ఇవ్వరు. అరువు తెచ్చుకున్నదైనా, తిరిగి ఇచ్చేదైనా, చిటికెడు పంచదారైనా వేసి ఇస్తారు. కామవరపుకోట బేసిన్‌లో మామిడికాయలు వచ్చాయి. తాడేపల్లిగూడెం కంచంలో జంతికలు గుట్టగా పోసి పైన ఇంకో కంచం బోర్లించి గుడ్డతో కట్టారు. ఆ రెండో కంచం కూడా మేము తిరిగి ఇవ్వాల్సిందే, అదీ ఖాళీగా కాదు. నాన్న దారిలో లెక్క వేసుకుంటూ, "ఇది తేలే వ్యాపారంలా లేదు" అన్నారు.

ముదినేపల్లి మామ్మగారిది అన్నిటికంటే మంచి బొమ్మ. వాళ్ళది వరి పండించే ఇల్లు. మనవడి గృహప్రవేశానికని పన్నెండు లీటర్ల బిందె కొంటూ, తన ఊరి గుర్తుగా ఏదైనా వెయ్యమన్నారు. వరికంకులు వెయ్యనా అని అడిగాను.

"రోజూ చూసే వరే, బిందె మీద కూడానా? కొల్లేటి పక్షి వెయ్యి. పెద్ద మూతి ఉంటుందే, అది. దాన్ని చూస్తే మా ఆయన గుర్తొస్తాడు. మింగి, గట్టు మీద కూచుని, ఎవరితోనూ మాట్లాడదు."

ఆవిడ ఎదురుగా కూర్చుని ఆయన కూర్చునే తీరు ఒక్కొక్కటీ చెప్తుంటే నేను వేశాను. మెడ లోపలికి లాక్కుని, మూతి గుండెల మీద ఆనించి, ఆ పక్షి నిజంగానే భోజనం చేసిన పెద్దమనిషిలా కుదిరింది.

మేము వెళ్ళేసరికి ఆ బిందె వంటింట్లో మంచినీళ్ళతో ఉంది.

"అమ్మాయి కాలేజీ సీటు కోసమండి" అన్నారు నాన్న. "బిందె ఒక్క వారం ఇస్తే..."

"సీటు కోసం బిందె ఎందుకయ్యా? ఎవరికన్నా ఇవ్వాలా?"

"అబ్బే, ఫొటో తియ్యడానికండి. అమ్మాయి వేసిన బొమ్మ పంపాలి."

మామ్మగారు నావైపు తిరిగారు. "నా బిందె చూసి నీకు సీటిస్తారా?"

"ఇవ్వొచ్చండి. ఇవ్వకపోవచ్చు కూడా."

"అయితే పట్టుకెళ్ళు. సీటొచ్చాకే తిరిగి తీసుకురా. పని మీద గుమ్మం దాటిన బిందె పని అవ్వకుండా వెనక్కి రాకూడదు."

నాన్న బిందెలో నీళ్ళు వంపబోయారు. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టారు.

"ఖాళీ బిందె పట్టుకుని గుమ్మం దాటతావా? అందులోనూ చదువు పని మీద? నీకేమన్నా మతి ఉందా నాయనా?"

"పోనీ, నాలుగు గింజలు బియ్యం వేసివ్వండి."

"బిందెలో బియ్యం ఎవరు పోస్తారు? బిందె అన్నాక నీళ్ళే." అని, కాస్త తగ్గిన చోట చెంబుతో పోసి అంచుదాకా నింపారు.

అలా ముదినేపల్లి నుంచి ఏలూరు దాకా, కొల్లేరు మీదుగా, నిండు బిందె బండి మీద వచ్చింది. నాన్నకీ నాకూ మధ్య పెట్టుకుని రెండు చేతులతో పట్టుకున్నాను. స్పీడు బ్రేకరు వచ్చినప్పుడల్లా ఆయన వీపు తడిసేది. "కొంచెం పారబోద్దాం నాన్నా" అన్నాను. "వద్దమ్మా. ఆవిడ అంత పట్టుదలగా పోశారు. ఇంటికెళ్ళాక మొక్కలకి పోద్దాం" అన్నారు. దేవుడి గుళ్ళో రెండు నిమిషాలు నిలబడని మనిషి ఆ నీళ్ళని మాత్రం నమ్మారు. లేకపోతే నా కోసం నమ్మినట్టు ఉన్నారు. అప్పుడు అడగాలని తోచలేదు.

కైకలూరు దగ్గర ఒక కారు రోడ్డు మీదికి వస్తూ మమ్మల్ని చూసి ఆగింది. ముందు సీట్లోంచి ఒక పెద్దాయన దిగి చెయ్యెత్తారు.

"ఏవండీ, ఆ బిందెలో నీళ్ళేనా?"

"నీళ్ళేనండి."

"నిండుగా ఉందా?"

"నా వీపు మీద కొన్ని ఉన్నాయండి. మిగతావన్నీ ఉన్నాయి."

"పెళ్ళిచూపులకి వెళ్తున్నాం. మీరు పక్కనుంచి దాటిపోయారు. దయచేసి ఒక్కసారి వెనక్కి తిరిగి ఎదురు రండి."

నాన్న బండి తిప్పి, కొంత దూరం వెళ్ళి, మళ్ళీ నెమ్మదిగా వాళ్ళకి ఎదురొచ్చారు. కార్లో ఆడవాళ్ళు చేతులు జోడించారు. నేను బిందె పట్టుకుని ఎటు చూడాలో తెలియక చేపల చెరువుల వైపు చూశాను. గట్ల మీద గూడబాతులు వరసగా కూర్చుని ఉన్నాయి. నాన్న జేబులోంచి తడిసిన కొట్టు కార్డు తీసి పెద్దాయన చేతిలో పెట్టారు.

"సంబంధం కుదిరితే సామాన్లకి మా దగ్గరకి రండి."

కుదిరింది. వచ్చారు కూడా. బిందె మీద బిందె బొమ్మ వేయించుకుని వెళ్ళారు.

ఇక ఫొటోలు. మా డాబా మీద తెల్ల పంచె పరిచి, ఒక్కొక్క గిన్నే పెట్టి తీశాం. ఫోన్ నాన్నది. అందులో కొట్టుకి ఫోన్లు వస్తుంటాయి కాబట్టి ఎవరి చేతికీ ఇవ్వరు. ఎండ నేరుగా పడకుండా నేను పక్కన గొడుగు పట్టుకున్నాను. గీతలు కనపడటానికి పౌడరు రుద్దాను. మొదటి ఫొటో తీసి చూసుకున్నాం. బొమ్మ బాగానే ఉంది. బొమ్మ పక్కన, బిందె పొట్ట మీద, నాన్న ఉన్నారు.

"నేనెక్కడి నుంచి వచ్చాను ఇందులోకి?" అన్నారు.

ఇన్నేళ్ళుగా అద్దంలా తళతళలాడతాయని చెప్పి అమ్మిన సరుకు. తప్పు మాదే. పక్కకి జరిగి తీస్తే సన్నగా పొడుగ్గా వచ్చారు. కూర్చుని తీస్తే ఇంకా వెడల్పుగా వచ్చారు. గరిటె లోపలి వైపు తలకిందులుగా వచ్చారు. చివరికి తెల్ల దుప్పటి కప్పుకుని, ఫోన్ పట్టేంత కన్నం పెట్టి తీశారు. అప్పుడు బిందెలో దెయ్యం కనిపించింది. బట్టలు ఆరెయ్యడానికి పైకొచ్చిన అమ్మ మెట్ల మీదే ఆగిపోయింది.

"ఏవండీ, వీధిలోంచి కనిపిస్తున్నారు" అంది.

ఆయన దుప్పట్లోంచే ఫోన్‌లో, "డజను గ్లాసులా? ఉన్నాయండి. సాయంత్రం రండి" అంటున్నారు.

గడువు ఆ మర్నాటితో అయిపోతుంది. దెయ్యం కంటే నాన్నే నయమని, దుప్పటి లేకుండా తీసినవే పంపాలని నిర్ణయించాను. ఫొటోలో వేరే మనుషులు కనిపించకూడదన్న మాట మర్చిపోలేదు. సీటు పోతే ఈ బనియన్ వల్లే పోతుందనుకున్నాను. వివరాలు టైపు చేస్తుంటే నాన్న పక్కన కూర్చున్నారు. సైజు అని ఉన్నచోట ఎత్తు, వెడల్పు రాయాలి. ఆయన టేపు తీసుకోకుండానే, "పన్నెండు లీటర్లు" అన్నారు. దేనితో చేసింది అని ఉన్నచోట స్టీలు అని రాశాను.

"ఉత్త స్టీలు కాదు. 304 గ్రేడ్ అని రాయి. లేకపోతే రెండో రకం అనుకుంటారు."

రాశాను. పదింటికీ రాశాను. 'గూడబాతు. 304 గ్రేడ్ స్టీలు. పన్నెండు లీటర్లు.' అలా వెళ్ళింది నా పోర్ట్‌ఫోలియో.

కొన్నాళ్ళకి వీడియోలో ఇంటర్వ్యూ అన్నారు. ఇంట్లో చుట్టాలున్నారని కొట్టు మీద గోడౌన్‌లో, డబ్బాల వరసల మధ్య కూర్చున్నాను. కింద నాన్న, వచ్చినవాళ్ళందరికీ గిన్నెలు మోగించి చూడొద్దని చెప్తున్నారు. గిన్నె మోగించకుండా ఎవరు కొంటారు? సగంమంది తర్వాత వస్తామని వెళ్ళిపోయారు.

తెర మీద ముగ్గురున్నారు. ఇద్దరు ఎకనామిక్స్ వాళ్ళు, ఒకావిడ బొమ్మల విభాగం నుంచి. లెక్కలు అడిగారు, చెప్పాను. ధరల గురించి అడిగారు, కొంత చెప్పాను. తర్వాత ఆవిడ నా ఫొటోలు తెర మీద పెట్టారు. ఇంగ్లీషులో ఆవిడ అన్నదానికి అర్థం ఇది.

"మీ బొమ్మల్లో మనిషి లేడు. కాని ప్రతి ఫొటోలోనూ ఒకే మనిషి ఉన్నాడు. ఒకచోట లావుగా, ఒకచోట తలకిందులుగా. మొహం ఎక్కడా కనపడదు. ఇది చాలా ఆలోచించి చేసినట్టుంది. ఈ మనిషి గురించి చెప్తారా?"

అవునని ఒక్క మాట అంటే చాలు. ఆవిడ నాకు కావాల్సిన జవాబు చేతిలో పెట్టేశారు. ఆ జవాబు చెప్పడానికి సరిపడా పుస్తకాలు నేను చదివే ఉన్నాను. నోరు తెరిచాను కూడా. అప్పుడు కింద ఎవరో గ్లాసుల దొంతర పడేశారు. అవి ఒకదాని వెంట ఒకటి మెట్ల దాకా దొర్లాయి. ఆ తర్వాత నాన్న గొంతు, మెల్లగా అంటున్నాననుకుని గట్టిగా, "పరవాలేదండి, పరవాలేదు, పైన అమ్మాయికి ఇంటర్వ్యూ" అంది.

"ఆయన మా నాన్నండి" అన్నాను. "ఫోన్ ఆయనది. ఎవరికీ ఇవ్వరు. ఆయన పడకుండా తియ్యడానికి చాలా ప్రయత్నించాం. దుప్పటి కూడా కప్పుకున్నారు."

ముగ్గురూ నవ్వారు. ఎకనామిక్స్ వాళ్ళలో అప్పటిదాకా పక్కకి చూస్తున్న ఒకాయన ముందుకి వంగి, ఈ బొమ్మలకి ఎంత తీసుకుంటారని అడిగారు. ఏమీ తీసుకోం అన్నాను. మరి ఎందుకు వేస్తారన్నారు. చిలక రోజు నాన్న చెప్పినదే చెప్పాను. పేరు వేశాక వాపసు లేదని, వెయ్యకముందే మనసు మారుతుందని, బొమ్మ వేస్తున్నంతసేపూ మారదని. ఆయన ఏదో రాసుకున్నారు. బొమ్మలావిడ, ఆ గ్లాసులు పడ్డది మీ నాన్నగారి కొట్లోనేనా, ఆయన్ని ఒకసారి చూడొచ్చా అని అడిగారు.

పిలిచాను. ఆయన వెంటనే రాలేదు. వచ్చేసరికి ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని ఉన్నారు. ఎప్పుడైనా కావాల్సి వస్తుందని ఉదయం నుంచే కౌంటర్ కింద పెట్టుకున్నారని తర్వాత తెలిసింది. తెర ముందు నిలబడి నమస్కారం పెట్టారు. మీ అమ్మాయి పని గురించి ఏమంటారని ఆవిడ అడిగితే నేను తెలుగులో చెప్పాను. నాన్న గొంతు సవరించుకుని, తనకొచ్చిన ఇంగ్లీషులో, "304 గ్రేడ్, మేడమ్. గ్యారంటీ" అన్నారు.

సీటొచ్చింది. లెక్కల వల్లా, చిలక వల్లా, బనియన్ వల్లా అనేది వాళ్ళు చెప్పలేదు. నేను అక్కడ చదివిన మూడేళ్ళలో అడగలేదు కూడా. నాన్నకి మాత్రం సందేహం లేదు. గ్రేడ్ రాయించడం వల్లేనన్నారు.

గిన్నెలు తిరిగి ఇచ్చేటప్పుడు ఏవీ ఖాళీగా వెళ్ళకూడదు కదా. చిన్నవాటి సంగతి అమ్మ చూసుకుంది. పన్నెండు లీటర్ల బిందె నింపాలంటే నాన్న రెండు రోజులు ఆలోచించారు. లడ్డూలతో నింపితే కొట్టు అమ్ముకోవాలి. చివరికి మరమరాలతో నింపి, కొంచెం వేయించిన పల్లీలు కలిపి, పైన బెల్లం ముక్క పెట్టి, గుడ్డ కట్టి పట్టుకెళ్ళాం. ఈసారి వీపు తడవలేదు. మామ్మగారు గుడ్డ విప్పి లోపలికి చూశారు.

"మరమరాలా?"

"నిండుగా ఉన్నాయండి" అన్నారు నాన్న.

"వ్యాపారస్తుడివనిపించుకున్నావు నాయనా. బిందె నిండింది, బరువు లేదు." ఆవిడ గుప్పెడు తీసి నోట్లో వేసుకుని నావైపు తిరిగారు. "మెత్తబడలేదులే. వెళ్ళి చదువుకో."

పోయిన వేసవిలో నాన్న పోయారు. కొట్లో కూర్చుని, కుక్కర్ మూత పట్టడం లేదని వచ్చినావిడకి అది ఎలా తిప్పాలో చూపిస్తూ పక్కకి వాలారు. నేను ఉద్యోగం చేసే ఊరి నుంచి వచ్చేసరికి అంతా అయిపోయింది. దాని గురించి ఇంకేమీ రాయను.

పెద్దకర్మకి డబ్బాలు కావాలి. మా కొట్లోవే తీశాం, ఆయనకి నచ్చిన గ్రేడ్‌లో. పేర్లు వెయ్యడానికి పక్కకొట్టాయన మనిషిని పంపిస్తానన్నారు. ముప్ఫై ఏళ్ళు రేటు దగ్గర పోటీ పడ్డ మనిషి. వద్దండి, నేనే వేస్తానన్నాను. మిషన్ పట్టుకుని చాలా కాలమైంది కాని చెయ్యి మరిచిపోలేదు. పేరు, తేదీ. అంతే వేశాను. చావు డబ్బాల మీద ఆయన పెట్టిన పద్ధతి అది.

డబ్బాలు ఖాళీగా ఇవ్వాలా వద్దా అని చుట్టాలు మాట్లాడుకున్నారు. చావింట్లో ఇచ్చేవాటిలో ఏమీ వెయ్యక్కర్లేదని ఒకరు, తీపి వెయ్యకూడదని ఒకరు. అమ్మ అప్పటిదాకా గోడకానుకుని ఉంది.

"మరమరాలు పొయ్యండి" అంది. "ఆయనైతే అవే పోసేవారు."

ఆ రోజు ముదినేపల్లి మామ్మగారు మనవడి భుజం పట్టుకుని వచ్చారు. భోజనం చేసి, చెయ్యి కడుక్కుని, డబ్బా తీసుకుని మూత తీశారు.

"మళ్ళీ మరమరాలేనా" అన్నారు.

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకుని మా అత్తయ్య దగ్గరికి వెళ్ళింది. ఏడవడం లేదు.

మామ్మగారు డబ్బాని చుట్టూ తిప్పి చూశారు. "పేరుంది. బొమ్మేది?"

"ఇలాంటివాటి మీద నాన్న వద్దనేవారండి."

"కొట్లో ఉన్నంతవరకు ఆయన మాట. ఇప్పుడు డబ్బా నాది. మిషన్ తీసుకురా."

తెచ్చాను. ఎవరో ప్లగ్గు పెట్టారు. ఆవిడ ఎదురుగా కుర్చీ వేయించుకుని కూర్చున్నారు.

"గూడబాతు వెయ్యనా?"

"అదుందిగా ఇంట్లో. మీ నాన్నని వెయ్యి."

"నాకు మొహాలు రావండి."

"రాకపోతే మానెయ్యి. మొహం నేనడిగానా?"

డబ్బాని మోకాళ్ళ మధ్య బిగించుకున్నాను. తర్వాత పొట్టి గీత ఒకటి, వెడల్పు గీత ఒకటి. బనియన్ చేతులు. లుంగీ. పైకెత్తిన మోచెయ్యి. మొహం ఉండాల్సిన చోట ఫోన్. బిందె పొట్ట మీద ఆయన ఎలా ఉండేవారో అలాగే వేశాను. ఆ పది ఫొటోలూ అప్పట్లో ఎన్నిసార్లు చూసుకున్నానో, ఒక్క గీత కూడా ఆలోచించాల్సిన పని లేకపోయింది. పొడి ఊది డబ్బా ఆవిడ చేతికిచ్చాను.

ఆవిడ దాన్ని దూరంగా పెట్టి చూశారు. "ఆయనే" అన్నారు. "ఇంకాస్త పొట్ట ఉండేది."

కాస్త పెంచాను.

తల ఎత్తితే వెనక అత్తిలి ఆవిడ డబ్బా పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆవిడ వెనక తాడేపల్లిగూడెం వాళ్ళు, ఆ వెనక పక్కకొట్టాయన. అత్తిలి ఆవిడ తన డబ్బాలోని మరమరాలు కొంగులో పోసుకున్నారు, నాకు వెయ్యడానికి వీలుగా. కాని ఖాళీ డబ్బా చేతిలో పెట్టడానికి మనసొప్పక నాలుగు గింజలు లోపలే వదిలేశారు. మిషన్ ఆన్ చెయ్యగానే అవి లోపల గలగలలాడటం మొదలుపెట్టాయి.